చేతులు కడుక్కునే చోట

చెన్నై, నందంబాక్కం హాల్లో
పొద్దుట్నుంచీ అమోనియా కంప్రెసర్ల మీద ఉపన్యాసాలు.
ఏసీ చలికి భుజాలు ముడుచుకుని
నలభై ఏడు స్లైడ్లు చూశాను.
ఒక్కటీ గుర్తు లేదు.

భోజనాలయ్యాక కొళాయి దగ్గర
నా ముందున్నాయన
జేబు మీద సాంబారు మరక రుద్దుకుంటూ అడిగాడు:
"రొయ్యలా, ఐస్‌క్రీమా?"
"రొయ్యలు. ఆకివీడు."
మెళ్ళో బ్యాడ్జీ తిరగబడి ఉంది, పేరు కనబళ్ళేదు.

మూడో యూనిట్ మూలుగు సంగతి
ఎందుకు చెప్పానో,
మా ఓనరుకే ఇంకా చెప్పలేదు.
తడి చేత్తోనే టిష్యూ మీద వాల్వు గీశాడు.
సగం తమిళం, సగం తెలుగు,
ఇంకు పాకిపోతూ.

తర్వాత గేటు బయట టీ బండి దగ్గర గంటసేపు.
లోపల ఎవరికో శాలువా కప్పినట్టున్నారు, చప్పట్లు.
మేం కదల్లేదు.

శ్రావణంలో ఓ రాత్రి రెండింటికి
నలభై టన్నుల సరుకు చెమ్మగిల్లుతుంటే
ఆ నంబరు నొక్కాను.
నేనెవరో చెప్పుకోబోతే
"ఆకివీడా?" అన్నాడు నిద్రగొంతుతో.
"ముందు ఆయిల్ చూడండి.
ఫోన్ పెట్టెయ్యకండి, ఉంటాను."

పేరు ఇళంగోవన్ అట.
నా ఫోన్లో మాత్రం ఇప్పటికీ
సాంబారు మరక సార్.