తొమ్మిదో ప్రశ్న

ఎర్రమంజిల్‌లో మూడో అంతస్తు.
ఫ్యాను కింద నలభై ఒక్క పేజీలు ఎగిరిపోకుండా
వాటి మీద ఒక నీళ్ల మీటరు బరువు పెట్టాం.
ఇత్తడిది. పాతది. ఎవరింటిదో తెలియదు.

ఆ పేజీల్లో ఉన్నది మీటర్ల భాష:
ఎవరు చేసిన మీటరైనా ఎవరు చేసిన పెట్టెకైనా
"ఈ ఇంట్లో ఇంత వాడారు" అని ఎలా చెప్పాలో.
ఆమోదించడానికి మాకున్నవి నాలుగే గీటురాళ్లు.
ఎవరడిగినా పైసా తీసుకోకుండా చేతికివ్వాలి.
దాని తాళంచెవి ఏ ఒక్కరి మొలకో వేలాడకూడదు.
వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కాగితం మీదే జవాబుండాలి.
నాలుగోదే నాకిష్టం:
ముఖాలు చూసుకోని ఇద్దరు, పేజీలు మాత్రమే చదివి
చెరో వైపు నుంచి కట్టుకుంటూ వస్తే
నడుమ అతకాలి.

అతికింది. చర్లపల్లి వాళ్ల మీటరు పలికింది,
బాలానగర్ వాళ్ల పెట్టె రాసుకుంది.
దేశ్‌పాండే సారు కలం మూత తీశారు.

నేను ఇరవై ఏళ్లు పరీక్ష హాళ్లలో నిలబడ్డదాన్ని.
ఒప్పులు ఒకేలా ఉంటే అనుమానించను.
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదో తారీఖుకి మాత్రం
మీటరు సున్నా చెప్పింది, పెట్టె సరేనని రాసుకుంది.
ఒకే తప్పు ఇద్దరి దగ్గర!
అడిగాను. ఇద్దరూ తలలు దించారు.
కోడు ఒకరిదే, పేర్లు మార్చి అతికించారు.
అద్దంలో మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు.

కుషాయిగూడలో మీటర్లు బాగుచేసే
బోయిని స్రవంతికి పంపాం, ఆ నలభై ఒక్క పేజీలే.
మా ఫోను నంబర్లు ఇవ్వలేదు.
మూడు వారాలయినా ఆమె మీటరు రాలేదు.
పదిహేడు ప్రశ్నలొచ్చాయి, రూళ్ల కాగితం మీద.

"ఆరో పేజీల 'తగినంత సేపు ఆగవలెను' అన్నరు.
ఎంత సేపు?"

"ఆ పిల్లకి అర్థం కాలేదు" అన్నారు దేశ్‌పాండే సారు.
మనం రాయలేదు సార్, అన్నాను.
తొమ్మిదోది గట్టిగా చదవమన్నారు. చదివాను.

"మా బస్తీల మూడొద్దులకోసారి నల్లా వస్తది.
నీళ్లకంటే ముందు గాలొస్తది.
సుయ్యిమంటది, ముల్లు గిర్రున తిరుగుతది.
ఆ గాలిని మీటరు ఏమని చెప్పాలె?
మీ పేజీలల్ల దానికి పేరే లేదు."

ఎవరూ మాట్లాడలేదు.
కలానికి మూత పడింది.

పేజీల మీంచి ఆ ఇత్తడి మీటరు తీసి
మూతి దగ్గర పెట్టుకుని ఊదాను.
ముల్లు కదిలింది.
ఎవరింటి లెక్కలోనో
ఒక లీటరు పెరిగింది.