గోడ మీద మాస్కో

నా డ్యూటీ గది గోడ మీద గడియారం
మా ఊరిది కాదు.
ఆరు వేల పైచిలుకు కిలోమీటర్ల అవతల
ఎవరో దుప్పటి తీసే వేళ అది.
బయట మంచు మీద పొద్దు నడినెత్తికెక్కితే
లోపల ముల్లు ఉదయం ఆరంటుంది.
ఆరు కలుపు, ఆరు తీసెయ్:
చీతా వైపు పిల్లలం
ఎక్కాల కన్నా ముందు నేర్చిన లెక్క.

నేను సెసెగ్మా దోర్జియేవాను.
ఫోను ఎత్తితే మాత్రం నాకు పేరుండదు.
"ఖారబులాక్ వింటోంది" అంటాను,
స్టేషనుకే చెవులున్నట్టు.
అటు చీతాలో డిస్పాచర్.
పదకొండేళ్లుగా ఆ గొంతు తెలుసు, మొహం తెలీదు.
దగ్గితే జలుబని,
ఊరుకుంటే పైనుంచి అక్షింతలు పడ్డాయని
పోల్చుకుంటాను.
ఆ పైన మాస్కోలో గోడంత తెర ఉందట.
అందులో మేం
ఆవగింజంత ఆకుపచ్చ చుక్క.

పోయిన జనవరిలో చలికి పట్టా చిట్లింది.
నేను ఎర్రదీపం వేశాను.
డెబ్బయ్యొక్క పెట్టెల బొగ్గు ఆగింది.
దాని వెనక డీజిలు, దాని వెనక దుంగలు,
దాని వెనక ఏ కిటికీలోనో
టీ గ్లాసు పట్టుకుని బయటికి చూసే సైనికుడు.
"ఎంతసేపు?" అని మాస్కో చీతానడిగింది.
చీతా నన్నడిగింది.
నేను కిటికీ తెరిచి గావ్రీలానడిగాను.
మీసం గడ్డకట్టి మాట రాక
గావ్రీలా నాలుగు వేళ్లు చూపించాడు.
నలభై నిమిషాలన్నాను నేను.
ముప్పై అంది చీతా మాస్కోతో.
మాస్కో ఇంకెవరికి ఎంత చెప్పిందో.
పట్టాకి ఇవేవీ తెలీవు,
దానికి పట్టినంతసేపు పట్టింది.

మా నాన్న చక్రాలు వినేవాడు.
పొడుగు కాడ సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి
గంటలా మోగితే ముందుకి,
పగిలిన కుండలా పలికితే
సుద్దముక్కతో ఇంటూ గుర్తు.
ఇంట్లో గిన్నెలూ అలాగే తట్టేవాడు,
దగ్గొచ్చిన రాత్రి నా వీపూ.
నేను పుట్టింది పద్నాలుగు తెల్లవారుజామున మూడింటికి.
డ్యూటీ పుస్తకం అంచున ఆయన పెన్సిలుతో రాసుకున్నది
పదమూడు, రాత్రి తొమ్మిది.
అందుకే నాకు రెండు పుట్టినరోజులు,
కేకు ఒక్కటే.

ఆయన పోయిన రాత్రి నేనీ కుర్చీలోనే ఉన్నాను.
అమ్మ ఫోను చేసేసరికి
మా ఇంట్లో మంగళవారం, రెండున్నర.
గోడ మీద ఇంకా సోమవారం.
సోమవారం ఆయన సూపు అడిగి తాగాడు,
ఉప్పు చాల్లేదన్నాడు.
గూడ్సుకి దారిచ్చాను.
పుస్తకంలో తేదీ సోమవారమే వేశాను.
రూలు అదే.
రూలుకి అంత దయ ఉంటుందని
అప్పటిదాకా తెలీదు.

తర్వాత ఒక ఆగస్టులో కాగితం వచ్చింది:
ఇకనించి ప్రయాణికులకి వాళ్ల ఊరి టైమే.
బాయిర్ నిచ్చెన వేసుకుని
హాల్లో గడియారం తిప్పాడు,
పెద్దముల్లు ఆరు చుట్లు, పళ్లు కొరుక్కుంటూ.
నా గది గడియారం ముట్టుకోలేదు.
కాగితంలో లేదన్నాడు.
రైళ్లు నడిపేవాళ్లం
ఇంకా మాస్కోలోనే ఉన్నామన్నమాట,
రైళ్లెక్కేవాళ్లు ఇంటికొచ్చేశారు.
మధ్యలో ఒక తలుపు.

ఆ వారమే ఒక ముసలామె వచ్చింది,
రెండు సంచులు, బుట్టలో ఎండబెట్టిన చేప.
టిక్కెట్టు మీద మధ్యాహ్నం రెండూ పది.
జీవితమంతా కలిపినట్టే ఆరు కలుపుకుని
రాత్రి ఎనిమిదికి వచ్చింది.
రైలు వెళ్లి చాలాసేపయింది.
హాల్లో గడియారం కేసి చూసి
తప్పు చేసిన పిల్లలా నిలబడిపోయింది.

బయటివాళ్లని లోపలికి రానివ్వకూడదు.
రానిచ్చాను.
కుర్చీ వేసి, టీ పోసి,
నా గోడ వైపు చూపించాను.
అక్కడ సరిగ్గా రెండు.
"ఇంకా పది నిమిషాలుంది లెండి" అన్నాను.
ఆమె నవ్వలేదు.
సంచులు కాళ్ల దగ్గరికి లాక్కుని
ఆ గడియారం వైపే చూస్తూ
టీ ఊదుకుంది.