బండల మీద ఎయిర్‌పోర్టు

ఫకీర్‌బీ అక్క మా వసారాలో
సుద్దముక్కతో ఎయిర్‌పోర్టు గీసింది.
నల్లటి కడప బండల మీద తెల్లటి గీతలు.
"ఇదీ నువ్వు దిగే తావు. ఈడ నిలబడు.
గీత తొక్కాకు."

నిలబడినా.
చేతిలో పాస్‌పోర్టు బదులు గ్యాస్ బుక్కు.

"జనం యాపక్క పోతే ఆ పక్క పో మే.
బోర్డుల్లో పైన అరబ్బీ ఉంటాది,
దాని కింద ఇంగ్లీషు,
దాని కింద ఉత్త గోడ.
నువ్వు జనాన్నే చదువుకో."

"అద్దాల గదిలో ఒకాయప్ప కూర్చోనుంటాడు.
కెమెరా తట్టు చూడు, నవ్వాకు.
వేళ్లు అడుగుతాడు.
మూడోసారి పోయినప్పుడు నా బొటనేలు
మిషను గుర్తు పట్టలేదు.
అంట్లు తోమీ తోమీ అరిగిపోయిందంట.
కొంగుకు రుద్దుకోని, ఊదుకోని, మళ్లీ పెట్టినా."

నా బొటనేలు చూసుకున్నా.
మార్కెట్ యార్డులో పసుపుకొమ్ములు ఏరిన వేలు.
గీతలు ఉన్నట్టే ఉన్నాయి,
కాకుంటే పచ్చగా.

మా తమ్ముడు బియ్యం సంచి నెత్తిన పెట్టుకోని
గుండ్రంగా తిరిగినాడు.
వాడే లగేజి బెల్టు.
"సంచికి ఎర్రగుడ్డ కట్టుకో,
అందరివీ నల్ల పెట్టెలే.
కారంపొడి మూడు మూటలు చెయ్,
ఒకటి తీసి పారేసినా రెండు మిగుల్తాయి."
తమ్ముడికి కళ్లు తిరిగి
బెల్టు ఆగిపోయింది.

మెట్లు నడిచే భయం పోవాలని
మొన్న ఏడురోడ్ల కాడ బట్టలంగడికి పిల్చకపోయింది.
నాలుగుసార్లు ఎక్కినాం, నాలుగుసార్లు దిగినాం.
"ఏం చీర కావాల్నమ్మా?" అన్నాడు గుమాస్తా.
"చీర గాదు నాయనా, ఊరికే పైకి పోతాండాం" అంది అక్క.
వాడు మాకు నీళ్లు తెచ్చిచ్చినాడు.

"బయటికొస్తే కాగితాలు పట్టుకోని నిలబడుంటారు.
నీ పేరు తప్పుగా రాసుంటాది.
వాళ్ల రాతలో 'ప' లేదు, 'చ' లేదు.
పెంచలమ్మా, నీ పేర్లో సగం
ఈ కడపలోనే పెట్టి పోవాల.
తప్పుగా ఉన్న పేరు చూసి చెయ్యెత్తు."

బెన్షలామా.
నోట్లో అనుకుని చూసినా.
ఎవరో బాగా డబ్బున్నామె పేరు మాదిరి ఉంది.

"వ్యాన్లో కిటికీ పక్క కూర్చో.
ఇరవై నిమిషాలు. ఎర్రగుంట్ల పోయినంత సేపు గూడా గాదు.
నిద్రపోవాకు. ఆ ఇరవై నిమిషాలే నీ చూడ్డం."

ఆ తర్వాత హోటలు గీసింది.
ముందర నీళ్లు చిమ్మే తొట్టి,
దానంతట అదే తెరుచుకునే గాజు తలుపు.
"ఇది నీది గాదు.
వ్యాను ఎనక్కి తిరుగుతాది. చెత్త డబ్బాలు,
ఇనప తలుపు, పక్కన గంట.
ఆడ దిగు."
ఇనప తలుపు లోపల సామాన్ల లిఫ్టు,
నాలుగో అంతస్తు, ఐదు, ఆరు.
ఇరవై రెండు మంచాలు వరసగా
బట్టలుతికే బండ దాకా గీసింది.
సుద్దముక్క గోరంత అయింది.

"ఊరెట్లుంటాదక్కా?"

పదకొండేళ్లు ఉండి వచ్చిన మనిషి
సుద్దముక్కను అటూ ఇటూ తిప్పింది.
"ఊరు నాకు తెల్దు మే.
దుప్పటి తెలుసు."
మా చాప మీది దుప్పటి లాగి
మూల మడిచి లోపలికి తోసింది.
మడత కొడవలి అంచు మాదిరి వచ్చింది.
"నువ్వు చెయ్" అంది.
నాది ముద్దగా వచ్చింది. మళ్లీ చెయ్ అంది.
ఆమెను వాళ్లింటోళ్లు రెండుసార్లు పిలిచినా పోలేదు.

రాత్రి కరెంటు పోతే
చల్లగా ఉంటాదని బండల మీదే పండుకున్నా.
పొద్దున లేస్తే ఎయిర్‌పోర్టు సగం
నా వీపుకు అంటుకోని ఉంది.
అద్దాల గది ఉంది, బెల్టు ఉంది,
మంచాలు ఇరవై రెండూ ఉన్నాయి.
ఇనప తలుపుకాడ గంట ఒక్కటే చెరిగిపోయింది.

అది కుడిపక్కనో ఎడమపక్కనో
ఈ పొద్దు అడగాల.