స్టాండుకి పాదం

కొయైకేలో గాలి ముందు తోసేస్తుంది,
ఆ తర్వాతే పేరడుగుతుంది.
నా షెడ్డు రేకులు ముప్పై ఏళ్లుగా
దానికి జవాబు చెబుతూనే ఉన్నాయి.

అక్టోబరులో ఒటీలియా బర్రియెంతోస్ వచ్చింది.
ఫెర్రీ రేవులో టికెట్లు చింపి చింపి రిటైరైన మనిషి,
అరవై ఒకటి, నా భుజానికొస్తుంది.
తోసుకొచ్చిన బండి మాత్రం గుర్రమంత.
చేతిలో డబ్బైపోయిన జర్మన్ కుర్రాడెవడో
చవగ్గా అమ్మేసి బస్సెక్కిన బండి.

"దక్షిణాన రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో
అక్కడిదాకా వెళ్లాలి" అంది.
"రేవులో అందరికీ దారిచ్చాను,
నేనొక్కదాన్నే ఎక్కలేదు."

శాంటియాగో నుంచి పార్శిళ్లు దిగడం మొదలైంది.
రాళ్లకి భయపడి ఇంజను కింద పళ్లెం,
పడతానని భయపడి చుట్టూ ఇనప కమ్మీలు,
చీకటికి రెండు దీపాలు, చలికి వేడెక్కే పిడులు,
గాలికి ఎత్తైన అద్దం,
ఆకలికో ఒంటరితనానికో తెలీదు,
మూడు అల్యూమినియం పెట్టెలు, తాళాలతో సహా.
నేను వద్దనలేదు.
మా చిన్నదాని పళ్లకి తీగ కట్టించాలి,
బోల్టుకింత అని లెక్క కట్టాను.
ఆఖరికి బండి
ఊరేగింపు ఏనుగులా తయారై
గుమ్మంలో ఇరుక్కుంటే
ఒక పెట్టె ఊడదీసి బయటికి నడిపించాం.

మూడో రోజు సాయంత్రం
గొర్రెల లారీలో తిరిగొచ్చింది, బండితో పాటు.
గొర్రెలు సీటు వాసన చూస్తున్నాయి.

రాయి తగల్లేదు. గాలి పడెయ్యలేదు.
లోయ అంచున కొండజింక కనబడితే
చూద్దామని ఆగింది, స్టాండు వేసింది,
నాలుగడుగులు నడిచింది.
రాత్రి వానకి నానిన నేల
స్టాండుని వెన్నలో వేలులా దించుకుంది.
వెనక్కి తిరిగేసరికి బండి
నిద్రొచ్చిన ఆవులా, ఏ తొందరా లేకుండా,
పక్కకి వాలిపోతోంది.
లేపబోతే నడుం కలుక్కుమంది, బండి కదల్లేదు.
నాలుగు గంటలు దాని పక్కనే కూచుంది.
"చూసి చూసి జింకకే విసుగొచ్చి పోయింది"
అని నవ్వింది.
కళ్లు తుడుచుకుంటుంటే నేను స్పానర్లు సర్దాను.

మర్నాడు విప్పాం.
లోపలి సామానుతో సహా
పక్కింటి గలీందో ఉన్ని తూచే కాటా మీద పెట్టాం.
నలభై ఏడు కిలోలు.
"ఒక గొర్రె, కడుపులో దాని పిల్ల" అన్నాడు గలీందో.
పళ్లెం ఉండనిమ్మన్నాను, కమ్మీలు ఉండనిమ్మన్నాను.
ఆ రెండు భయాలకీ కారణం ఉంది.
మిగతావాటి గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

అప్పుడు సంచిలోంచి తీసింది
వాళ్ల కట్టెల పొయ్యి నడిమి మూత,
పోత ఇనుముది, సగానికి చిట్లినది.
"దీనిమీద నలభై ఏళ్లు కెటిల్ నిలబడింది,
స్టాండు నిలబడదా?"

పోత ఇనుము మొండి ఘటం.
తొందరపెడితే పగుళ్లిస్తుంది.
అరచెయ్యంత కోసి, నిప్పుల మీద వెచ్చబెట్టి,
నికెల్ కడ్డీతో స్టాండు కాలికి అతికి
రాత్రంతా బూడిదలో పడుకోబెట్టాను.
కిలో కూడా లేదు.
కూలి అడగడానికి నోరు రాలేదు.
కలఫాతె పళ్ల జామ్ సీసా బల్లమీద పెట్టి వెళ్లింది.

మూత మీద అక్షరాలుండేవి,
ఏదో పాత ఫౌండ్రీ పేరు, సగమే మిగిలింది.
తిప్పి అతకాల్సింది, మరిచిపోయి
అక్షరాలు నేలవైపు ఉంచేశాను.

డిసెంబరులో గొర్రెల లారీ డ్రైవరొచ్చి చెప్పాడు:
కొక్రానె దాటాక, బురదలో,
నీళ్లు తాగడానికి వాగు దగ్గర ఆగితే
టైరు జాడ పక్కన
గుండ్రటి ముద్రొకటి కనబడిందట,
తలకిందులుగా నాలుగక్షరాలు.
చదవబోయాడట, అర్థం కాలేదట.
కొంచెం ముందుకెళ్తే మళ్లీ ఒకటి.
చాలాచోట్ల ఆగుతోంది ఎవరో, అన్నాడు.

పెట్టెలు మూడూ నా దగ్గరే ఉన్నాయి.
ఒకదాన్లో మా ఆవిడ ఉల్లిపాయలు పోసింది.