తంపర కొలత

ఆఫీసు వాళ్ళు పంపిన గోనె విప్పితే
లోపల మడతపెట్టిన మనిషి.
కాళ్ళూ బూట్లూ ఒకటే, రొమ్ముదాకా రబ్బరు,
భుజాలకి రెండు పట్టీలు. తల ఒక్కటే లేదు.
బూటు అడుగున అంకె: పది.
నా కాలు ఐదు.

"ఒకటే సైజు వచ్చింది పారమ్మా, సర్దుకో"
అన్నాడు బీటు ఆఫీసరు.
సర్దుకోడం రాని ఆడమనిషి ఎవరు గానీ,
తంపర సర్దుకోదు.
నౌపడా దాటేక, ఉప్పుమళ్ళ వెనక,
ఆ బురదకి పెద్ద బూటంటే ఇష్టం.
కాలు పైకొస్తుంది, బూటు ఉండిపోతుంది,
మనిషి ముందుకి పడిపోతుంది.
నడుముకి బెల్టు లేకపోతే
లోనికొచ్చిన నీరు బయటికి పోదు.
నీటిని తొడుక్కుని నీటిలో నిలబడ్డట్టే.

మా తాత గవరయ్యకి ఈ బాధ లేదు.
ఆయనకి తొడుగే లేదు. గోచీ.
చలికాలం తెల్లారగట్ల, దొరలు
దిమ్మ మీంచి తుపాకీ పేలిస్తే
రొమ్ములోతు నీళ్ళలో దిగి
పడిన ఎర్ర చిలువల్ని, సూదితోక బాతుల్ని
మెడలు కలిపి పట్టుకొచ్చేవాడట.
జలుబు చేస్తాదని
దొర తన కుక్కని దింపేవాడు కాదట.
ఇది తాత నవ్వుతూనే చెప్పేవాడు.
మా నవ్వు ఎక్కడ ఆపాలో మాకు తెలిసేది కాదు.

వేటలు మానేసిన ఏడాది
తన రబ్బరు తొడుగు తాతకిచ్చేడు దొర.
ఆరడుగుల మనిషిది.
తాత వేసుకుంటే నడుం చంకల్లోకొచ్చింది,
మోకాళ్ళ దగ్గర ఏనుగు మడతలు.
వీధంతా వచ్చి చూసింది. మర్నాడు దాన్ని కోసి
మేకల పాక మీద కప్పేడు.
"వానకి కొలతలక్కర్లేదు" అన్నాడు.

నేను కొయ్యలేదు.
టెక్కలి బస్టాండు వెనక
ట్యూబులకి అతుకులేసే కామేసు దగ్గరికి మోసుకెళ్ళేను.
"ఏటి పిన్నీ ఇది, సేప సర్మమా?"
"కాదొరే, నాదే. ఎక్కువుంది, తగ్గించు."
టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు గానీ
ముందు కొలవలేదు.
"ఓపాలి గొంతుక్కూకో" అన్నాడు.
కూకున్నప్పుడే కదా తొడల మధ్య కుట్టు ఊడీది.
"మోకాలు గుండెలదాకా ఎత్తు,
గట్టెక్కినప్పుడు ఎత్తవేటి?"
ఎత్తేను. టైరు గాలికొచ్చిన కుర్రాళ్ళు
చూసి చూడనట్టు నిలబడ్డారు.
"లోన మేజోళ్ళు ఎన్ని?"
రెండు జతలు. ఒకటి ఉన్నిది.
"అలాగైతే నీ కాలు ఐదు కాదు, ఆరు.
ఏళ్ళు ఆడాల. ఆడకపోతే సలి పట్టేస్తాది."

నలభై మూడేళ్ళకి
నా కాలు ఎంతో అడిగిన మొదటి మనిషి
పంచర్ల కామేసు.
పెళ్ళి చెప్పులు కూడా
ఆడపడుచు కాలికి చూసి కొన్నారు.

నాలుగు రోజులు పట్టింది.
పదో నంబరు బూట్లు తెగ్గోసి
ఉప్పుకూలీలు వేసుకునే గమ్‌బూట్లు, ఆరో నంబరువి, కాల్చి అతికేడు.
బొడ్డు మీద బెల్టు. పట్టీలకి కొత్త కొక్కేలు.
డబ్బులిస్తే సగం వెనక్కిచ్చి
"కారితే సెప్పు" అన్నాడు.

కార్తీకం వెళ్ళేక మొదటి లెక్క.
దిగేను.
నీరు చుట్టూ వచ్చి అన్నివైపులా నొక్కింది,
కుచ్చిళ్ళు సరిచేసే పెద్దమ్మ చేతుల్లాగ,
తడి లేకుండా.
గూడబాతులు పదహారు.
అవతల చిలువల గుంపు. నలభయ్యో, నలభై ఒకటో,
ఒకటి మునిగింది. తేలేదాకా ఆగి రాయాలి.
ఎడం మోకాలి అతుకు దగ్గర
ఒక చుక్క లోపలికి దారి కనుక్కుంది.
కామేసుకి చెప్పాలి.

తాత రొమ్ము మీద అడ్డంగా
ఒక నల్లటి గీత ఉండేది.
ఆఖరి స్నానానికి కూడా పోలేదు.
పట్టీ బిగించుకుందామని తల దించితే
నీరు నాకూ అక్కడికే వచ్చింది.

తేలింది.
నలభై ఒకటి.