మూత

నాలుగింటికి కలాసిపాళ్యం నుంచి
టాటా ఏస్ నిండా మొక్కజొన్న డొప్పలు,
క్యాబేజీ పై ఆకులు.
బెంగళూరు వలిచి పారేసిందాన్ని
కొంత దారిలో రాలుస్తూ
హొసకోటెకి మోసుకొస్తాడు గుర్రప్ప.

సన్నగా నరుకుతాను.
పిడికిట్లో పిసికితే చెయ్యి తడవాలి,
నీళ్లు మాత్రం కారకూడదు.
బెల్లం నీళ్లు చల్లి
నీలం డ్రమ్ములోకి దిగి తొక్కుతాను,
గాలికి చోటు లేకుండా.
మా అత్త నవ్వింది:
"గొర్రెలకి ఊరగాయా!"

మొదటి డ్రమ్ము నేనే చెడగొట్టాను.
తొమ్మిదో రోజు ఆగలేక మూత ఎత్తాను,
ఒక్క చూపే.
నెల తిరిగేసరికి అంతా నల్లబూజు.
రాత్రిపూట గోతిలో కప్పెట్టాను.
గుర్రప్పకి కూడా చెప్పలేదు.

రెండోదాని మీద రుబ్బురోలు పెట్టించాను,
నా చేతుల మీద నాకే నమ్మకం లేక.

ఇవాళ నలభై ఒకటో రోజు.
పాత ఇత్తడి రంగు. ముక్కుకి పుల్లగా, కొంచెం తియ్యగా.
మూడు నెలల పిల్ల, చెవి చిరిగినది,
మూతి పెట్టి, తుమ్మి,
వెళ్లిపోయింది.
ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాను.

ఎంతసేపటికో
మోకాలికి తడిగా ఏదో తగిలింది.
పక్కన
చిన్న దవడ అడ్డంగా ఆడుతున్న చప్పుడు.

అత్త వచ్చింది.
చిటికెడు తీసి, నలిపి, వాసన చూసి
"ఉప్పు తగ్గింది" అంది.