ఐదు ఏటవాలు గీతలు

ఉలాన్‌తోల్గోయ్‌లో రాత్రి రెండు.
దులంసురెన్ బూట్లలోకి కాళ్లు దూర్చి
కుక్కను పేరు పెట్టి పిలిచి, తలుపు తోస్తుంది.
ఉన్ని గుడారం నుంచి తెల్ల చెక్కగూడు దాకా నలభై ఏడు అడుగులు.
మంచు పడితే యాభై రెండు.

గూడు రెక్క తీసేముందు ఊపిరి బిగబట్టాలి.
అంకె అబద్ధమాడడానికి
మనిషి వెచ్చదనం రవంత చాలు.
ఈ చలికి పాదరసం కూడా గడ్డకడుతుంది,
అందుకని గొట్టంలో సారా పోశారు.
“మా ఆయనకి నచ్చిన పరికరం ఇదొక్కటే” అంటుంది,
నవ్వకుండా.

మైనస్ ముప్పై ఒకటి పాయింట్ నాలుగు.
స్తంభం మీది ఇనుపరేకు ఎంత లేచిందో, గాలి అంత.
ఆకాశాన్ని ఎనిమిది రొట్టెముక్కలుగా కోసి
మబ్బు ఎన్ని తినేసిందో చూడాలి.
ఇవాళ మూడు.

లోపలికొచ్చి, పొయ్యిలో పిడక వేసి,
చూసిందంతా ఐదైదు అంకెల గుంపులుగా కడుతుంది.
అందులో క్రియ లేదు, విశేషణం లేదు,
“అబ్బ, ఏం చలి!” అనడానికి చోటే లేదు.
పైకప్పు వాసానికి వేలాడే ఫోనుకి
ఆ ఒక్కచోటే సిగ్నలు.
పెట్టె ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి పంపుతుంది.

ఆమె చూడని ఏదో ఊళ్లో ఒక యంత్రం
అప్పటికే ఊహ అల్లుకుని కూర్చుంటుంది:
ఉలాన్‌తోల్గోయ్‌లో ఇప్పుడు
మైనస్ ఇరవై ఎనిమిది అయి ఉండాలి, అని.
ఈ అంకె వెళ్లి దాని చెవి మెలిపెడుతుంది.
మూడు డిగ్రీల చిల్లర, అంతే.
పటం మీద ఒక గీత కొంచెం దక్షిణానికి జరుగుతుంది.
పొద్దున పడాల్సిన మంచు మధ్యాహ్నానికి వాయిదా.

“మళ్లీ బొంకింది నీ రేడియో” అంటాడు గొంబొజావ్.
“తుఫానన్నావు. నా మేకలు ఎండ కాచుకున్నాయి.”
“రేపటి సంగతి నేను చెప్పను. చూసినంతే చెప్తాను.”
అతనికి ఆ తేడా పట్టదు.
జోస్యం ఫలిస్తే ఎండు జున్ను తెచ్చిస్తాడు,
తప్పితే తిరిగి అడుగుతాడు.

ఆ మాఘంలో ఒక రాత్రి
తెల్లగా, అడ్డంగా కురిసింది.
గుంజకి కట్టిన తాడు పట్టుకుని బయల్దేరింది దులంసురెన్.
చేతికున్న తొడుగు చేతికే కనబడలేదు.
ముప్పయ్యో అడుగులో తాడు తెగి ఉంది.
అక్కడే నిలబడింది.
ఎంతసేపో ఆమె ఎవరికీ చెప్పలేదు.
వెనక్కి వచ్చింది.

పుస్తకం తెరిచి ఉంది, రెండుగంటల గడి ఖాళీ.
పాత పరిశీలకుడు త్సెరెన్‌పిల్ పని నేర్పుతూ
చెవిలో ఊదిన కిటుకు గుర్తొచ్చింది:
“వెళ్లలేకపోతే పాతదానికి ఒకటి కలిపి రాసెయ్.
ఎవడు చూడొచ్చాడు?”
నిజమే, ఎవరూ చూడరు.
కాకిలెక్క కూడా ఐదంకెల్లో అచ్చంగా ఇలాగే ఉంటుంది.

పెన్సిల్ నాకి,
ఐదు ఏటవాలు గీతలు గీసింది.
చూడలేదు అని రాయడానికి
వాళ్ల లిపిలో ఉన్న ఒకే గుర్తు.
పెట్టె ఎక్కి పంపింది.

నాలుగున్నరకి ఫోను మోగింది.
పదకొండేళ్లలో ఆ వేళ మోగడం అదే మొదలు.
రాజధానిలో ఎవరో కుర్రాడు, గొంతులో నిద్ర లేదు:
“గీతలొచ్చాయి... ఉన్నారా అక్కా?”
“ఉన్నాను.”
“సరే, ఐదింటికి చూస్తాం” అని పెట్టేశాడు.

ఐదింటికి గాలి తెరిపిచ్చింది. తాడు ముడేసుకుంటూ వెళ్లింది.
మైనస్ ముప్పై తొమ్మిది.

పొద్దెక్కాక గొంబొజావ్ వచ్చాడు, గడ్డం నిండా మంచు.
ఇరవై రెండు మేకలు. ఇంకా తవ్వుతున్నాడు.
“రాత్రి ఎంత దిగింది?”
“తెలీదు” అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు,
చాలాసేపు,
ఆ మాట రేడియోలో ఎన్నడూ విననట్టు.
టీ తాగాడు.
“ఇవాళ రాత్రికి ఏమంటున్నారు వాళ్లు?”
అని మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.